కొత్త పోయేదాకా

మా చిత్తూరు జిల్లా పడమటి తాలూకాల్లో చంటిపిల్ల కనబడితే ముందు అడిగేది పేరు కాదు, వయసూ కాదు. "కొత్త చేస్తాదా?" అని అడుగుతారు. చేయి చాపితే వచ్చేస్తుందా, లేక తల్లి మెడ పట్టుకుని మొహం దాచుకుంటుందా అని. వింత వేరు, కొత్త వేరు. రెండు తలల దూడను చూస్తే వింత అంటాం, నోరు తెరుచుకుని చూస్తాం, ఇంటికి వచ్చి అన్నం తింటాం. కొత్త అలా వదలదు. అది మనిషికీ మనిషికీ మధ్య వచ్చి కూర్చుంటుంది. కోడలికి అత్తింట్లో కొత్త. సంతలో కొన్న ఆవుకు దొడ్డి కొత్త, అది పోయేదాకా పాలు చేపదు. ఎవరెంత బతిమాలినా, ఎంత గదమాయించినా, కొత్త తనంతట తాను పోవాల్సిందే.

లిడియాకు కొత్తా పాతా లేదు. మూడేళ్లు ఇంకా నిండలేదు, కుప్పం స్టేషను దగ్గర ఆ పిల్ల ఎక్కని చంక లేదు. పుంగనూరుకు పోయే బొగ్గు బస్సులో కూడా అంతే. యుద్ధం ముగిసి ఏడాదైనా పెట్రోలు బస్సులు ఇంకా రాలేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు మొండికేయడం, క్లీనరు దిగి వెనక బొగ్గు పొయ్యికి గాలి కొట్టడం, అందరూ దిగడం, ఎక్కడం. పలమనేరు చేరేలోపే ఆ పిల్ల పక్క సీటులోని శెనక్కాయల వ్యాపారి లక్ష్మీపతి ఒళ్లోకి చేరి, ఆయన ఒలిచి పెడుతుంటే తింటూ కూర్చుంది.

"కొత్త లేదే ఈ పాపకు! మీ బిడ్డేనా మా?" అన్నాడాయన.

"ఆఁ, నా బిడ్డే," అంది ప్రభావతి.

అన్నాక గానీ అది అబద్ధమని ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా దిద్దుకోలేదు. కిటికీ వైపు తిరిగి, ఎగిరే పైట చెంగును అనవసరంగా సర్దుకుంది. కుప్పంలో బస్సెక్కినప్పటి నుంచి ఆమె చేతులు ఒకచోట నిలవడం లేదు. సంచి ముడి విప్పుతుంది, మళ్లీ వేస్తుంది. పిల్ల జుట్టు దువ్వుతుంది, చెరుపుతుంది, దువ్వుతుంది.

లిడియా ఆమె చెల్లెలు సువర్ణ కూతురు. పిల్ల ఇంకా బోర్లా పడకముందే సువర్ణకు దగ్గులో రక్తం పడింది. మదనపల్లె అవతల గుట్టల మధ్య ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చారు. పాలు తాగే బిడ్డను ఎవరు చూడాలి? మగడు జ్ఞానశేఖర్ పుంగనూరు మిషను బడిలో అయ్యవారు, ఉదయం గంట కొట్టింది మొదలు పిల్లల మధ్యే బతుకు. ప్రభావతికి రెండు కాన్పులూ దక్కలేదు. కుప్పం నుంచి వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది. పిల్లకు మాటలు వచ్చేటప్పుడు 'పెద్దమ్మా' అనమని నేర్పింది కూడా. పిల్ల నోరు తిరక్క ముందు సగం వదిలేసింది. మిగిలిన 'అమ్మా'ను ప్రభావతి సరిదిద్దలేదు. దిద్దాలని ఎప్పుడైనా అనుకుందేమో గానీ, ఆ పూట తీరిక చిక్కలేదు, మర్నాడూ చిక్కలేదు.

ఇప్పుడు సువర్ణకు నయమైంది. కఫంలో పురుగు లేదని డాక్టర్లు ఇంటికి పంపించారు. ప్రభావతి బయలుదేరేటప్పుడు ఆమె మగడు సత్యానందం, రైలు పట్టాల చీలలు బిగించే కీమ్యాను, సుత్తి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఒకే మాట అన్నాడు. "అప్పజెప్పి రా. నువ్వొక్కదానివే రా." ఆ మాట అనేటప్పుడు పిల్ల వైపు చూడలేదు.

పుంగనూరులో బస్సు దిగేసరికి జ్ఞానశేఖర్ వచ్చి ఉన్నాడు. కుప్పానికి ఒకటి రెండు నెలలకోసారి వచ్చిపోయే మనిషే కాబట్టి, లిడియా నవ్వుతూ ఆయన చంకెక్కింది. ప్రభావతి సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఇంత తేలికా? పోయిన వెంటనే తల్లి ఒళ్లోకి కూడా ఇట్లాగే దూకుతుందా? దూకాలనే గదా తీసుకొచ్చింది! దేవుడా దూకాలి, దూకాలి అని మనసులో అనుకుంటూ నడిచింది గానీ, అడుగులు మాత్రం వెనకబడుతూనే ఉన్నాయి.

మిషను కాంపౌండులో ఇంటి గడప దగ్గర సువర్ణ నిలబడి ఉంది. ప్రభావతి గుర్తులో ఉన్నది పుల్లలాంటి చేతులు, గుంటలు పడ్డ కళ్లు. ఇప్పుడు ఆసుపత్రి పాలూ గుడ్లూ తిని బుగ్గలు నిండి, తెల్లగా, ఎవరో దొరసాని దగ్గర పనిచేసే ఆయాలాగా ఉంది. చెల్లెలే, అయినా ఒక్క క్షణం అక్కకే కొత్త అనిపించింది. దగ్గరికి పోతే ఫినాయిలు వాసన. ఏళ్ల తరబడి మందునీళ్లలో ఉడికిన ఆ చీరలో, జుట్టులో, గోళ్లలో అదే వాసన. నోటికి అడ్డంగా చెంగు పెట్టుకుని, రెండో చేయి చాపింది సువర్ణ.

"రా నాయినా. నా బంగారూ, రా."

ఏ చంకైనా ఎక్కే లిడియా, ఎవరి చేతి తిండైనా తినే లిడియా, ఆ చేతిని చూసింది, చెంగు మీద కనబడే కళ్లను చూసింది, నాన్న మీద నుంచి జారి ప్రభావతి కుచ్చిళ్లలో దూరి, గుక్కపట్టి ఏడ్చింది.

పక్కింటి మంగమ్మ, ఊరూరూ తిరిగి ఆడవాళ్లకు బైబిలు వాక్యం చదివి వినిపించే మనిషి, వాకిట్లోనే ఉంది. పిల్లలను గురించి తనకు తెలియనిది లేదన్నట్టు చెప్పేసింది. "కొత్త చేస్తాంది, అంతే. ఏం కాదు. పిలకాయలకు మామూలే. కొత్త పొయ్యేదాకా నువ్వు ఈడనే ఉండు ప్రభావతమ్మా."

"కొత్తే గదా. పోతాదిలే," అంది సువర్ణ నవ్వుతూ. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక తలుపు రెక్క మీద పెట్టింది.

ప్రభావతి ఏడ్చే పిల్లను ఎత్తుకుని వీపు నిమిరింది. ఉష్షు ఉష్షు అంటూ ఊరడించింది. నిజం చెప్పాలంటే, ఆ ఏడుపు ఆమె చెవుల్లో తేనె పోసినట్టుంది. పైకి మాత్రం "తప్పు నాయినా, అమ్మ గదా" అంది. అమ్మ అనే మాట వినగానే లిడియా ఆమె మెడనే గట్టిగా కరుచుకుంది.

అలా ప్రభావతి పుంగనూరులో నిలిచిపోయింది. కొత్త ఎన్నాళ్లుంటే ఆమె అన్నాళ్లు. ఇక ఆ కొత్తను ఎవరు పోనిస్తారు?

దొంగతనమంటే గోడలు దూకడమే కాదు. సువర్ణ "పాపకు ఏమంటే ఇష్టం అక్కా?" అని అడిగితే, "ఏం పెట్టినా తింటాది" అని చెప్పడం చాలు. రాగి సంగటిని చిన్న ముద్దలు చేసి, మధ్యలో బెల్లం పెట్టి, "రైలొస్తాంది, గేటు తియ్" అంటే తప్ప ఆ పిల్ల నోరు తెరవదని ప్రభావతికి తెలుసు. సువర్ణ పెద్ద పెద్ద ముద్దలు కలిపి, పళ్లెం పిల్ల ముందు పెట్టి, తాను దూరంగా కూర్చుని, తినమని బతిమాలేది. పిల్ల పెదవులు బిగించేది. అప్పుడు ప్రభావతి నిట్టూర్చి, "ఇట్లియ్యి" అని పళ్లెం లాక్కునేది. గేటు తెరుచుకునేది. సువర్ణ చూస్తూ ఉండేది.

పోనీ ఆ సువర్ణకైనా బిడ్డను పట్టుకోవడం వచ్చా? అదీ లేదు. ఎవరి మొహం మీదా ఊపిరి వదలకూడదని, ఎవరినీ ముద్దు పెట్టుకోకూడదని, తన పళ్లెం తానే మరగబెట్టుకోవాలని ఆసుపత్రిలో మప్పారు. నయమైందని చెప్పిన డాక్టర్లు ఆ మప్పినదాన్ని ఒంట్లోంచి తీసి పంపలేదు. పిల్ల పక్కకు వస్తే చాలు, చెంగు నోటికి పోయేది. సగం చాపిన చేయి సగంలోనే ఆగిపోయేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆసుపత్రిలో లాగే, కదలకుండా మెదలకుండా వెల్లకిలా పడుకునేది. ఆ సమయంలో పిల్లను ఊయలలో వేసి ప్రభావతి పాడేది, కావాలనే కాస్త గట్టిగా.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రభావతి ఎవరూ చూడకుండా తన గ్లాసు వేరే గూట్లో పెట్టుకుంది. చెల్లెలంటే ప్రాణమే, కానీ ఆ జబ్బంటే భయం. తల్లి పోయిన ఇంట్లో ఈ సువర్ణను చంకన మోసి పెంచింది తానే. ఆ చేతులతోనే ఇప్పుడు చెల్లెలు తాగిన గ్లాసును చెంగుతో పట్టుకుని కడిగేది. కడిగి, తనను తాను తిట్టుకునేది. మర్నాడు మళ్లీ చెంగుతోనే పట్టుకునేది.

రోజులు గడుస్తున్నా కొత్త పోలేదు. కాంపౌండులో ఇంకెవరి దగ్గరికైనా పోతుంది, తల్లి దగ్గరికి తప్ప. ఒక సాయంత్రం సువర్ణ వంటింటి గడప మీద కూర్చుని, బియ్యంలో రాళ్లేరుతున్న అక్కతో అంది.

"అక్కా, నాయన తోలు కట్టేది నీకు జ్ఞాపకం ఉండాదా?"

ప్రభావతి చేట ఆగింది. మరిచిపోయేదా అది? కురబలకోటలో వాళ్ల నాయన బాప్తిస్మం తీసుకున్నాక కూడా గొర్రెలు మానలేదు. ఒక గొర్రెకు పిల్ల చనిపోతుంది. ఇంకో పిల్లకు తల్లి చనిపోతుంది. పాలున్న గొర్రె దగ్గరికి ఆ తల్లిలేని పిల్లను తోస్తే, వాసన కొత్తని పొడిచి తరిమేస్తుంది. అప్పుడు నాయన చనిపోయిన పిల్ల తోలు ఒలిచి, బతికున్న పిల్లకు చొక్కా తొడిగినట్టు కట్టేవాడు. గొర్రె వాసన చూస్తుంది, ఇంకోసారి చూస్తుంది, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది. పిల్ల పాలు తాగుతుంది. కొన్నాళ్లకు ఆ తోలు తీసేసినా గొర్రె ఏమీ అనదు.

"ఉండాది. యాల అడగతాండావు?"

"నీ చీరొకటి నాకియ్యి అక్కా. కట్టి విడిచింది. ఉతకొద్దు." సువర్ణ గొంతు తగ్గించింది. "పాప నిద్రపొయ్యేటప్పుడు నీ చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంటాది, సూసినా. నా దగ్గర ఆసుపత్రి వాసన కొడతాంది. ఎంత సబ్బు రుద్దినా పోలేదు. ఈడ తోలు కట్టుకోవాల్సింది నేనే."

"అదేం భాగ్యం! ఇస్తాలే," అంది ప్రభావతి.

అని, మర్నాడు పొద్దున్నే విడిచిన చీర తీసుకుని బావి దగ్గరికి పోయింది. బండ మీద వేసి బాదింది. బట్టలు రేషను మీద వచ్చే కాలం, ఉన్నవే మూడు చీరలు, చిరిగితే ఇంకోటి దొరకదు. అయినా ఆ చీర మీద ఏ పగ ఉందో గానీ చేతులు నొప్పి పుట్టేదాకా బాదింది. కంట్రోలు సబ్బంతా అరిగేదాకా రుద్దింది. ఎండలో ఆరేసి, మడిచి, చెల్లెలి చేతికిచ్చింది. చెమట చీర ఎట్లా ఇస్తారు, చెల్లెలైతే మాత్రం, జబ్బు మనిషికి మురికి బట్ట ఇస్తారా అని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది. మనిషికి తప్పు చేసే ధైర్యం లేనప్పుడు శుభ్రత ఎంత సాయపడుతుందో చూడండి!

సువర్ణ ఆ చీర కట్టుకుంది. భుజం మీది చెంగును ముక్కు దగ్గరికి తీసుకుని ఒక్కసారి వాసన చూసింది. అక్క వైపు చూసింది.  ప్రభావతి పొయ్యి వైపు తిరిగి, బాగా మండుతున్న పొయ్యిని ఊదింది.

లిడియా ఆ ఎర్రంచు నల్లచీరను దూరం నుంచే గుర్తుపట్టింది. ఉరుకుతూ వచ్చింది కూడా. ఒడిలో మొహం పెట్టి, తలెత్తి, మళ్లీ చీరలో ముక్కు పెట్టి చూసి, మోసపోయినట్టు బావురుమని వెనక్కి పోయింది. ఇదివరకు తల్లిని చూసి దాక్కునేది, అంతే. ఆ రోజు నుంచి తల్లి గదిలోకి వస్తే తానే లేచిపోవడం మొదలుపెట్టింది. సువర్ణ మాత్రం ఆ చీర మార్చలేదు.

అంతలో సువర్ణ మదనపల్లె పోవలసిన రోజు వచ్చింది. జబ్బుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి పెడతారు. ఇంటికి వచ్చినా రెండు వారాలకోసారి పోయి పెట్టించుకోవాలి. జ్ఞానశేఖర్ బడికి సెలవు పెట్టి వెంట వెళ్లాడు. ఇంట్లో పెద్దమ్మా పిల్లా మిగిలారు.

ఆ పగలంతా ప్రభావతికి పండగ కావలసింది. ఎందుకో కాలేదు. పిల్లకు తల అంటింది, బెల్లం ముద్దలు పెట్టింది, రైలాట ఆడింది. అయినా ఊరికే గేటు దాకా పోయి వస్తుంది. బస్సు వచ్చే వేళ కాలేదని తెలిసీ పోతుంది. ఇంట్లోకి వచ్చి, తీగ మీద వేలాడుతున్న చెల్లెలి ఆసుపత్రి చీరను చూసి మళ్లీ బయటికి పోతుంది. ఆ సూది ఎక్కడ గుచ్చుతారో, ఎంత నొప్పో, ఇన్నాళ్లూ తాను అడగనే లేదని గుర్తొచ్చింది.

సాయంత్రం వాళ్లు వచ్చేసరికి లిడియా గేటు దగ్గర రాళ్లతో ఆడుతోంది. ప్రభావతి ఇంటి అరుగు మీద ఉంది. మంగమ్మ ఇంటి పొట్టి ఆవు, పుంగనూరు ఆవులన్నీ అంతే ఎత్తు, పిల్లలకు కూడా భయం వేయదు, ఆ రోజు ఎందుకో కొమ్ములు విసిరి పిల్ల మీదికి వచ్చింది. లిడియా కెవ్వుమంటూ పరుగెత్తింది. సువర్ణ అప్పుడే గేటు దాటింది. పిల్లకు దగ్గరగా ఉన్నది ఆమే. చేతిలోని సంచి వదిలేసి, గాలి పెట్టించుకుని నొప్పిగా ఉన్న ఒంటితో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాపింది. ఈసారి చెంగు నోటికి పోలేదు.

పిల్ల ఆ చేతుల పక్కనుంచే పోయింది. కాంపౌండు ఆ కొసన ఉన్న అరుగు దాకా పరుగెత్తి, ప్రభావతి ఒళ్లో పడింది.

సువర్ణ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తరువాత ఆమె నేల మీద చెదిరిన బొరుగుల ఉండలను, పిల్ల కోసం మదనపల్లె నుంచి తెచ్చినవి, ఒక్కొక్కటే దుమ్ము దులిపి సంచిలో వేసుకుంది. వాటికోసమే కూర్చున్నట్టు నిదానంగా ఏరింది. జ్ఞానశేఖర్ ఆవును తోలే నెపంతో అటు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున జ్ఞానశేఖర్ బడికి పోయాక సువర్ణ అంది.

"ఉతికి ఇచ్చినావు గదా అక్కా."

ప్రభావతి "చెమట..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"పోనీలే. నేనేమీ అనుకోలేదు. నీ స్థానంలో నేనుంటే దాన్ని పొయ్యిలో పెట్టుండేదాన్ని." సువర్ణ నవ్వబోయింది. కుదరలేదు. "పాపను నువ్వే తీసకపో. ఆయనతో చెప్పినా. రాత్రంతా ఏడ్సినాడు, కానీ సరే అన్నాడు. ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్లు పోతాంటే, నేను పోకూడదు, పోకూడదు, నాకు బిడ్డుండాది అని పండుకునేదాన్ని. బిడ్డ కోసరమే బతికినా. బతికొచ్చి ఏం జేస్తాండాను? దాన్ని ఏడిపిస్తాండాను. నన్ను సూస్తే బెదిరిపోతాంది. అంత బెదరగొట్టి అమ్మ అనిపించుకునేది నాకొద్దక్కా. నీ దగ్గర నవ్వతా ఉంటాది. నువ్వు బాగా సాకుతావు. నాకు తెలీదా?"

 దాచిపెట్టేదేముంది, ప్రభావతికి ముందు సంతోషమే కలిగింది. తరువాతే సిగ్గు వచ్చింది. కానీ సిగ్గు వచ్చినంత మాత్రాన సంతోషం పోలేదు. "సూస్తాంలే, సూస్తాంలే" అని గొణిగి, లేచి పోయి పిల్ల బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున కుప్పం బస్సు. సత్యానందం ఏమంటాడు? అననీ. పిల్లను చూస్తే ఆయనే ఎత్తుకుంటాడు. మూట కట్టింది. ఏదో మరిచానని విప్పింది. మళ్లీ కట్టింది.  నిలబడితే కూర్చోవాలనిపిస్తుంది, కూర్చుంటే లేవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం లిడియా ఊయలలో నిద్రపోయింది. ప్రభావతి పిల్ల గౌను ఒకటి కనబడక, వెతుక్కుంటూ సువర్ణ పడుకునే గదిలోకి పోయింది.

ఆసుపత్రిలో నేర్పినట్టు వెల్లకిలా పడుకునే మనిషి, ఆ రోజు గోడవైపు ముడుచుకుని, మోకాళ్లు కడుపులోకి పెట్టుకుని నిద్రపోతోంది. కళ్ల కింద తడి ఇంకా ఆరలేదు. ఒంటి మీద అదే ఎర్రంచు నల్లచీర. ఆ చీర చెంగును పిడికిట్లో ముద్దగా పట్టుకుని, బొటనవేలు బయటికి పెట్టి, ముక్కుకు ఆనించుకుని ఉంది.

ప్రభావతి అక్కడే నిలబడిపోయింది. ఆ పిడికిలి ఆమెకు తెలుసు. లిడియా అచ్చం అట్లాగే పట్టుకుంటుంది. లిడియాకు ముందు, కురబలకోటలో, తల్లి పోయిన రోజు రాత్రి నుంచి ఈ సువర్ణ తన పావడా కొసను అట్లాగే పట్టుకుని నిద్రపోయేది. ఎన్నేళ్లు పట్టుకుంది! తన పెళ్లినాడు కూడా ఆ పిడికిలి విప్పడానికి ముగ్గురు ఆడవాళ్లు కావలసి వచ్చింది. ఇప్పుడు సబ్బు పెట్టి బాది వాసన లేకుండా చేసిన గుడ్డలో, ఆ సువర్ణే అక్క వాసన కోసం వెతుక్కుంటోంది. పాపకు అందకూడదని తాను ఉతికి పోగొట్టిన వాసన, పాపకే కాదు, దీనికీ లేకుండా పోయింది.

"అయ్యో, నా తల్లీ," అంది ప్రభావతి. గట్టిగానే అంది. సువర్ణ కదిలింది.

"లే. లేమ్మా. ఆ చీర విప్పు."

"ఏమక్కా?"

ప్రభావతి తలుపు వేసింది. మూడు రోజులుగా కట్టుకుని, వంటింటి పొగా, రాగి పిండీ, పిల్ల చొంగా, తన చెమటా అన్నీ పట్టిన చీరను ఒంటి మీద నుంచి అక్కడికక్కడే విప్పింది. "కట్టుకో. ఇది ఉతకలా." తీగ మీది ఆసుపత్రి చీరను లాగి తాను కట్టుకుంది. ఫినాయిలు వాసన గుప్పున ముక్కులో కొట్టింది. గ్లాసు వేరే పెట్టుకున్న మనిషి, ఆ చెంగుతో కళ్లూ ముక్కూ మొహమంతా తుడుచుకుంది.

"సంగటి చిన్న ముద్దలు చెయ్యాల," అంది చెల్లెలి కుచ్చిళ్లు సర్దుతూ, గబగబా, ఆగితే మళ్లీ చెప్పలేనేమో అన్నట్టు. "ముద్దలో బెల్లం పెట్టు. రైలొస్తాంది గేటు తియ్ అను, నోరు తెరుస్తాది. నిద్రకు ముందర కుడి చెవి వెనక గీకాల. ఎడమది కాదు. కత అడిగితే నక్క కతే చెప్పు, ఇంకోటి చెప్తే ఏడుస్తాది. దూరం కూర్చోబాక. నీకు నయమైందన్నారు గదా డాక్టర్లు, నమ్ము! నేనూ నమ్ముతా."

సువర్ణ ఏడుస్తూ నవ్వింది. "ఇన్నాళ్లూ చెప్పలేదే!"

"చెప్పలేదు," అంది ప్రభావతి. "చెప్పబుద్ధి కాలేదు."

ఊయలలో లిడియా కదిలింది. సువర్ణ పోయి, భయం భయంగా ఎత్తుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల కళ్లు తెరవకుండానే చేయి చాపి చెంగు వెతికి, పిడికిట్లో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత కళ్లు తెరిచింది. మొహం చూసింది. మొహానికీ వాసనకూ పొత్తు కుదరక కనుబొమలు ముడిచింది. పెదవి వంకర పోయింది. సువర్ణ చెంగు నోటికి పోబోయి, అది పిల్ల పిడికిట్లో ఉంది కాబట్టి పోలేదు. వేలు తడబడుతూ కుడి చెవి వెనక్కి పోయింది. పిల్ల మళ్లీ చెంగు వాసన చూసి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, తల్లి రొమ్ము మీద చెంప ఆనించింది.

ప్రభావతి తలుపు దగ్గర నిలబడి చూసింది. అక్కడి నుంచి వెళ్లిపోవలసింది. తనే కదా అంతా చేసింది, వెళ్లిపోతే సరిపోయేది. ఉండబట్టలేకపోయింది. దగ్గరికి పోయి వంగి, రెండు చేతులూ చాపింది.

"నాయినా. లిడియమ్మా. రా."

ఫినాయిలు వాసన ముందు వచ్చింది, మనిషి తరువాత వచ్చింది. లిడియా ఆ చీరను చూసింది, చాపిన చేతులను చూసింది. చటుక్కున మొహం తిప్పి, తల్లి మెడలో దాచుకుంది.

 సువర్ణ ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో అక్క చేయి అందుకుంది.

"కొత్తే గదా అక్కా," అంది. "పోతాదిలే."

"పోనియ్యబాక," అంది ప్రభావతి. "కొన్నాళ్లు ఉండనియ్యి."

మర్నాడు ఆమె పిల్ల మూట విప్పి, గౌన్లన్నీ పెట్టెలో సర్ది, తన సంచితో ఒక్కతే బస్సెక్కింది. ఎర్రంచు నల్లచీరా, ఉతకని చీరా రెండూ చెల్లెలికే వదిలేసింది. బస్సులో పక్కన కూర్చున్న ఆడమనిషి ముక్కు చిట్లించి కాస్త ఎడంగా జరిగింది. ఎత్తు దగ్గర బస్సు ఆగితే అందరితోపాటు దిగింది, అందరితోపాటు ఎక్కింది. చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

కుప్పంలో వాకిట్లోకి అడుగుపెట్టగానే, ఆమె చేతి అన్నం తిని పెరిగిన కుక్క లేచి మొరిగింది. సత్యానందం బయటికి వచ్చాడు. ఆమె వెనక చూశాడు. ఎవరూ లేరు. కుక్కను అదిలించి, సంచి అందుకుంటూ, "ఏమి ఈ వాసన?" అన్నాడు.

"మా సువర్ణది," అంది ప్రభావతి.

పొయ్యి ముట్టించి ఎసరు పెట్టాక ఆమె తనకు మిగిలిన ఒక్క రేషను చీర కట్టుకుంది. విడిచిన చీరను ఉతుకుడు బట్టల్లో వేయలేదు. మడిచి తల కింద పెట్టుకుంది. చాలా రోజులు దాన్ని ఉతకనే లేదు.